తాలు చక్రాలు

ఈ ఉదయం వాన కాస్త తెరిపిచ్చాక కొట్టు తెరిచి, తడిసిన గోనెలు లోపలికి జరిపి, గల్లాపెట్టె వెనక కూలబడి ఫోను తీశాను. తీసింది మిరియాల ధర చూద్దామనే. చూస్తూ కూర్చున్నది మాత్రం సైకిలు చక్రాలు. నల్లగా నిగనిగలాడుతూ, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు ఒక్కొక్కటి ఒక్కో పక్కకి తిరిగి ఫొటో దిగిన చక్రాలు. బరువెంత, చువ్వలెన్ని, రిమ్ము లోతెంత, అన్నీ కింద రాసి ఉన్నాయి. మోకాళ్ళకి నూనె రాసుకుంటే గానీ మంచం దిగలేని మనిషిని, అనంతగిరి మంచులో ముక్కు తుడుచుకుంటూ ఇవి చూడటమేమిటని నాకే నవ్వొచ్చింది. అంతలో టీ గ్లాసు పట్టుకుని మా అప్ప వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. నేను గబుక్కున ఫోను బోర్లించాను. బోర్లించాక నవ్వు ఆగిపోయింది. ఒక వానాకాలమంతా మా బావ ఈ బల్ల మీదే, ఈ అప్పని చూసే, ఇలాగే ఫోను బోర్లించేవాడు.

మా బావ కొండ దిగువ పల్లెల్లోంచి పెళ్ళయిన కొత్తలో ఈ కొండెక్కి కొట్టు పెట్టాడు. కొండవాళ్ళు తెచ్చే మిరియాలు, కాఫీ గింజలు కొనడం, వాళ్ళకి ఉప్పూ నూనే సబ్బూ అమ్మడం. చేదోడుగా ఉంటానని కొన్నాళ్ళకి నేనూ వచ్చాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఉండిపోయాను. మా బావకి వ్యాపారమంతా కుడి అరచేతిలో ఉండేది. గోనె మూతి విప్పి గుప్పెడు మిరియాలు తీసి, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "బాగుంది" అనో "తాలు" అనో తేల్చేసేవాడు. లోపల గుజ్జు పట్టని మిరియం పైకి నల్లగా గుండ్రంగానే ఉంటుంది, చేతిలో మాత్రం తేలిపోతుంది. కాఫీ పండ్లూ అంతే, తొట్టెలో నీళ్ళు పోసి వేస్తే మంచివి మునుగుతాయి, పనికిరానివి తేలతాయి. కాబట్టి మా కొట్లో తేలిక అంటే తిట్టు. సంతలో చెప్పులు కొన్నా, మా మేనకోడలికి సంబంధం చూడటానికి వెళ్ళినచోట మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా, ఆయన ముందు చేత్తో తూచి చూసేవాడు. ఆ గ్లాసు బాగా బరువుగా ఉందనే ఆ సంబంధం ఖాయం చేశాడని మా అప్ప ఇప్పటికీ అంటుంది.

అలాంటి మనిషికి సన్న టైర్ల సైకిలు ఎలా వచ్చిందంటే, షుగరు వల్ల వచ్చింది. ఆదివారాలు విశాఖపట్నం నుంచి రంగురంగుల బనీన్లు వేసుకుని ఘాటీ రోడ్డెక్కి వచ్చే సైకిలు కుర్రాళ్ళు మా కొట్టు దగ్గరే ఆగి అరటిపళ్ళు తినేవారు. వాళ్ళలో బ్యాంకులో పనిచేసే అబ్బాయి ఒకడు కొత్తది కొనుక్కుని, పాతది మా బావకి అంటగట్టాడు. అంటగట్టాడని అప్పట్లో మేమంతా అనుకున్నాం గానీ, మా బావ దాన్ని కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పంచె కట్టే మనిషి నిక్కరు తొడిగాడు. ఘాటీ అడుగున చెక్‌పోస్టు దాకా దిగడం, మళ్ళీ ఎక్కి రావడం. వెనకాల స్కూటీ మీద నేను, సంచీలో నీళ్ళ సీసా, బిస్కట్లు, మా అప్ప ఆజ్ఞ. ఏళ్ళ తరబడి నేను చూసిన ప్రకృతి సౌందర్యమంతా మా బావ వీపే. బొంగులో చికెన్ అమ్మే ఆడవాళ్ళు ఆయన రొప్పుతూ పోతుంటే చెయ్యూపేవారు, నన్ను చూసి నవ్వేవారు.

ఘాటీ మధ్యలో కొండమీంచి నీళ్ళు రోడ్డు పక్కకి జారేచోట ఒక మలుపుంది. జీపుల వాళ్ళు బండి ఆపి రేడియేటర్లో నీళ్ళు పోసుకుంటారు, దాన్ని నీళ్ళ మలుపంటారు. మొదట్లో మా బావ ఆ మలుపు దగ్గర ఆగేవాడు కాదు. తరవాత ఒక గుక్క నీళ్ళకి ఆగడం మొదలుపెట్టాడు. ఆ తరవాత పిట్టగోడ మీద కూర్చోవడం. ఆ తరవాత మలుపుదాకా రాకుండానే దిగిపోవడం. ఒకరోజు పెదాలు నల్లబడితే మా అప్ప విశాఖపట్నం లాక్కుపోయింది. గుండె నాళాలు పూడుకుపోయాయి, కోసి బాగుచేయాలి, ఎంత బేగి అయితే అంత మంచిదన్నాడు డాక్టరు. మా బావ తిరుగు జీపులో ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "ఆ డాక్టరికి ఘాటీ ఎక్కడం తెల్దు. సైకిలు సక్రాలు బరువు. అందుకే ఆయాసం" అన్నాడు. మా అప్ప ఊరుకోలేదు. మాటా మాటా పెరిగింది. ఆఖరికి ఆయనే అన్నాడు: "మంచి సక్రాలేసి ఓపాలి ఘాటీ ఎక్కుతాను. అప్పటికీ ఆయాసమొత్తే నువ్వెక్కడికి తీసుకెల్తే అక్కడికొత్తాను." మా అప్ప మూలనున్న పాత ఇనప కాటాని ఆయన ముందుకి జరిపింది. తూకం యంత్రాలొచ్చి చాలా కాలమైంది, ఆ కాటా మీద ఎవరూ తూచరు. కానీ వ్యాపారస్తుడు కాటా మీద చెయ్యేసి అన్న మాట తప్పితే ఇక ఆ చేత్తో సరుకు పట్టుకోకూడదు. మా బావ చెయ్యేశాడు.

ఇక మొదలైంది చక్రాల వేట. ఆ వానాకాలమంతా మా కొట్లో మిరియాల మాట వినపడలేదు. కార్బనువా, అల్యూమినియంవా? లోతు రిమ్ములైతే మలుపుల్లో గాలికి సైకిలు పక్కకి లాగేస్తుందట. లోతు తక్కువైతే అందం ఉండదట. చువ్వలు తక్కువైతే తేలిక, కానీ మన గోతుల రోడ్డుకి ఆగుతాయా? ఆదివారం ఆగిన ప్రతి కుర్రాడి సైకిలు ముందు చక్రం విప్పించి, అరచేతుల్లో పెట్టుకుని ఎగరేసి చూసేవాడు. పాపం వాళ్ళు గుండెలు అరచేత పట్టుకుని నిలబడేవారు. బ్యాంకు అబ్బాయి ఒకసారి తన స్నేహితుడి దగ్గర్నుంచి కార్బను చక్రం అడిగి తెచ్చాడు. మా బావ దాన్ని ఎత్తాడు. మొహం ముడుచుకుపోయింది. గోటితో రిమ్ము నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. "ఇది తాలు సరుకు బాబూ" అన్నాడు. ఆ అబ్బాయి నెత్తి కొట్టుకుని, తేలికగా ఉండటమే దాని గొప్పతనం షావుకారు గారూ అని ఎంత చెప్పినా మా బావ చెయ్యి ఒప్పుకోలేదు. కాస్త బరువున్నది చూపిస్తే చెయ్యి ఒప్పుకునేది, అప్పుడు నోరు ఒప్పుకునేది కాదు: "బరువు తగ్గాలని గదా మార్సడం!" అలా తేలికది తాలు, బరువుది బరువు. రాత్రి అన్నం తింటూ ఇదే, పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఇదే. వినీ వినీ నాకు చెవులు కాదు, ఒళ్ళు అలిసిపోయింది. ఈలోగా ఆయన గోనె ఎత్తడం మానేశాడు, కొట్టు అరుగు ఎక్కడానికి గుంజ పట్టుకునేవాడు. ఎవరికీ కనపడదనుకునేవాడు.

నేనేమో ఇదంతా ఆయన చేతి అలవాటే అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మా బావ నిద్రపోతుంటే మా అప్ప కాఫీ గింజల్లో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా, "ఆయనకి సక్రాలు కావాలనుకుంతన్నావేటి తమ్ముడూ? అవి ఎప్పటికీ దొరక్కుండా ఉండాలి. దొరికితే ఆసుపత్రికి పోవాల" అంది. అంత సూటి సంగతి అన్నాళ్ళూ నా కళ్ళ ముందే తిరిగింది. ఆమె చెంగుకి చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నా ఫోన్లోంచి బ్యాంకు అబ్బాయికి ఫోను చేయించింది.

"బాబూ, ఈ లోకంలో అన్నిటికన్నా తేలిక సక్రాలు ఏటి?"

అతనేదో చెప్పాడు. "అయ్యే పంపించు."

అతను గాబరా పడ్డాడు. అవి మన ఘాటీ దిగడానికి మంచివి కావు, బ్రేకు పట్టీ పట్టీ రిమ్ములు వేడెక్కిపోతాయి, ప్రమాదమన్నాడు. "దిగడం జీపు మీద దిగుతారు బాబూ. ఎక్కడానికే అవి" అంది మా అప్ప. ఫోను పెట్టేసి నాతో, "అంతకన్నా తేలికయ్యి ఉన్నాయని రేపు అనకూడదు ఆయన" అని మళ్ళీ రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.

చక్రాలు బిగించిన మర్నాడు సైకిలు జీపు టాపు మీద కట్టించి చెక్‌పోస్టు దాకా దించాం. స్కూటీ మీద నా వెనక మా అప్ప. మా బావ మొదటి మలుపులు ఎలా ఎక్కాడని! లేచి నిలబడి తొక్కుతూ, వెనక్కి తిరిగి నవ్వుతూ, "బామ్మర్దీ, గాలి మీద ఎల్తన్నట్టుందిరా!" అని కేక పెట్టాడు. ఎక్కేస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. వెనక మా అప్ప నా భుజం మీది చెయ్యి బిగించింది, ఆమె ప్రాణం ఎందుకు కొట్టుకుంటోందో తెలుసు గనక నోరు మూసుకున్నాను. నీళ్ళ మలుపు ఇంకా కనపడకముందే ఆయన వీపు ఊగడం మొదలైంది. దిగాడు. సైకిలుని పిట్టగోడకి ఆనించి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు రొప్పాడు. తరవాత వంగి, హేండిలు పట్టుకుని ముందు చక్రాన్ని నేల మీంచి లేపాడు, అరచెయ్యి కింద పెట్టి నెమ్మదిగా రెండుసార్లు ఎగరేశాడు.

"సరుకు మంచిదేనే" అన్నాడు మా అప్పతో.

ఆమె నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "ఎప్పుడెల్దాం?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. స్కూటీ స్టాండు సరిగ్గా పడలేదన్నట్టు వంగి దాన్ని సర్దుతూ ఉండిపోయాను.

ఆపరేషను అయింది, మనిషి దక్కాడు. గుండెల మీద నిలువునా గీత, నోట్లో ఎప్పుడూ మాత్రలు, పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని రైలుగేటు దాకా నడక. సైకిలు మళ్ళీ ఎక్కలేదు. తుప్పు పట్టిపోతుందని నేను ఎక్కడం మొదలుపెట్టాను, ఆ చక్రాలతోనే. దిగేటప్పుడు జీపు టాపు మీద వేసేస్తాను, జీపు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఎక్కడం బాగుండేది. ఈ మధ్యే నీళ్ళ మలుపు దగ్గర ఒక గుక్క నీళ్ళకి ఆగుతున్నాను. పోయినవారం పిట్టగోడ మీద కూర్చున్నాను. మంచు కదా అనుకున్నాను. టైర్లో గాలి తగ్గిందేమో అనుకున్నాను. ఈ రోజు, ఈ లోకంలో అన్నిటికన్నా తేలికైన చక్రాలు గోడకి ఆనించి పెట్టుకుని, వాటికన్నా తేలికవి ఈమధ్య ఏమన్నా వచ్చాయా అని వెతుకుతున్నాను.

"ఏటి సూత్తన్నావు తమ్ముడూ?" అంది మా అప్ప, బోర్లించిన ఫోను వైపు చూస్తూ.

"మిరియాల రేటప్పా."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. మూలకి నడిచి, రెండు చేతులతో ఆ పాత ఇనప కాటా లాక్కొచ్చి నా ముందు పెట్టి, నిలబడింది. బయట మా బావ నడక ముగించుకుని, గొడుగు ముడుస్తూ వస్తున్నాడు. నేను చెయ్యేశాను. ఇనుము చల్లగా ఉంది. వయసు మన వీపు మీదెక్కి కూర్చుని ఎంతోకాలం తొక్కించుకుంటుంది, మనం మాత్రం అది సైకిలు బరువే అనుకుంటూ ఉంటాం.