రాత్రి లేని రేవు

మా చర్చిలో ఒక మంచి ఆలోచన చెడిపోవాలంటే దాన్ని ప్రార్థన మనవిగా పెడితే చాలు. ప్రార్థన మీద నాకు కోపం లేదు. దేవుడి మీద అసలే లేదు. ఈ మొత్తం వ్యవహారంలో సలహా ఇవ్వనిది ఆయనొక్కడే. నా కోపమంతా మధ్యలో ఉన్నవాళ్ల మీద.

నాచారంలో మా సంఘం వాళ్లకు శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో కూడిక జరుగుతుంది. చెప్పులు మెట్ల మీదుగా కింది వాటా దాకా పాకుతాయి. పాటలు, వాక్యం అయ్యాక సంఘ పెద్ద కళ్లజోడు తీసి, మనవులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. ఎందుకుండవు? ఒకరికి మోకాలు, ఒకరికి బోరులో నీళ్లు, ఒకరికి కోడలు. నోరు తెరిచి చెప్పిన మరుక్షణం ఆ మోకాలు సొంతం కాదు, అందరిదీ. మీ కోసం మోకరించినవాళ్లకు మీ విషయంలో వాటా ఉంటుంది. ఒకసారి నా ఇంటర్వ్యూ గురించి అమ్మ అక్కడ చెప్పింది. ఆ ఉద్యోగం రాలేదని నాకు మెయిల్ వచ్చేలోపే కూరగాయల బండి దగ్గర ఇద్దరు నన్ను ఓదార్చారు.

అమ్మ రైల్వే దవాఖానాలో నర్సు. పోయిన ఏడాది చివర్లో రిటైరైంది. ఉద్యోగమంతా దాదాపు రాత్రి డ్యూటీలే. పగలు మా బడి, వంట, నానమ్మ మందులు చూసుకోవచ్చని తనే అడిగి వేయించుకుందని ఇంట్లో చెబుతారు. ‘తనే అడిగి’ అనే మాట మా ఇంట్లో చాలా పనులకు వాడతారు. పొద్దున ఇంటికొచ్చి, మాకు డబ్బాలు కట్టి, పడకగది కిటికీకి పాత రగ్గు వేలాడదీసి, బట్టల క్లిప్పులు పెట్టి పడుకునేది. రగ్గు అంచుల నుంచి ఎండ దూరేది. ఎండకన్నా ముందు చుట్టాలు దూరేవాళ్లు. నాన్న తెచ్చిన కాలింగ్ బెల్లు పిట్టలా కూస్తుంది; తలుపు తీసేదాకా ఆగదు. వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి, “పండుకున్నదా? లేపకున్రి, లేపకున్రి,” అని సరిగ్గా ఆమె లేచేంత గట్టిగా చెప్పేవాళ్లు. లేచేది. చాయ్ పెట్టేది.

రిటైర్మెంటుకు కొన్నాళ్ల ముందు ఫోన్‌లో ఒక వీడియో చూసింది. భూమికి పైకొసన, నార్వేలో, అర్ధరాత్రి ఎండలో ఒక ముసలాయన నిచ్చెనెక్కి ఇంటికి రంగు వేస్తున్నాడు. అమ్మ దాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చూసి, “ఆడ నైట్ డ్యూటీ ఎట్ల ఏస్తర్రా?” అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రాత్రి లేని చోటు ఒక్కసారి చూడాలి, రిటైరయ్యాక నాకోసం చేసుకునేది అదొక్కటే అంది. అమ్మ నోట ‘నాకోసం’ అనే మాట వినడం నాకు కొత్త. మొదట ఎవరి గురించి చెబుతోందో అర్థం కాలేదు.

మధ్యాహ్నాలు ఆమె, నేను, నా లాప్‌టాప్. ఓడలో పోవడమే సులువని తేలింది. సామాను ఒకసారి గదిలో పడేస్తే ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. కానీ ఓడలవాళ్ల ప్రకటనలు, ‘సిటీ పక్కనే’ అని ఊరించే నారపల్లి ప్లాట్ల ప్రకటనలకు తోబుట్టువులు. పైన నార్వే అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఓడ మాత్రం బెర్గెన్‌లో వాన చూపించి, కింది లోయల్లో నాలుగు జలపాతాలు చూపించి వెనక్కి తిరుగుతుంది. సూర్యుడు దిగని గీత ఇంకా చాలా పైన ఉంది. ఆ గీత దాటి ట్రోమ్సోకు, అక్కడి నుంచి హోనింగ్స్‌వాగ్ రేవుకు పోయే ఓడ కావాలి. రేవు నుంచి బస్సులో కొసన ఉన్న కొండకొమ్ముకు తీసుకుపోతారు. 

కాలం సంగతీ తేల్చాం. అక్కడ మే మధ్య నుంచి జూలై చివరి దాకా సూర్యుడు దిగడు. మేలో జలపాతాలు నిండుగా ఉంటాయి గానీ చలి ఎముకల్లోకి పోతుంది. జూలైలో అక్కడివాళ్లకే సెలవులు, కొమ్ము మీద జాతర. కాబట్టి జూన్ ఆఖరు. సెప్టెంబరుకు చీకటి తిరిగొచ్చి ఆకాశంలో పచ్చటి వెలుగులు ఆడతాయట; అవి కావలసినవాళ్లకు అది సీజను. అమ్మకు అక్కర్లేదు. చీకట్లో లైట్లు చాలా చూశానంది.

ఇంకో షరతు ఆమే పెట్టింది. చాలా ఓడలు పొద్దున రేవులో ఆగి సాయంత్రం భోజనాల వేళకు కదులుతాయి. అలా కాదు, హోనింగ్స్‌వాగ్‌లో రాత్రంతా ఆగే ఓడ కావాలంది. న్యాయమే. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ని చూడటానికి అంత దూరం పోవడమెందుకు, ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడితే చాలదా.

అంతా కుదిరింది. అప్పుడు అమ్మ, మా జనం మాత్రమే చేయగల తప్పు చేసింది. మా ఇంట్లో కూడిక ఉన్న శుక్రవారం, జూన్‌లో ఓడ ప్రయాణం అనుకుంటున్నానని, వీసా కోసం ప్రార్థన చేయమని అడిగింది.

ఆమె అడిగింది వీసా. వాళ్లు తీసుకున్నది ఓడ.

సంఘ పెద్ద రిటైరైన ఇంజినీరు. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఓడ ఎక్కేదే అయితే యేసు శిష్యులైన అపొస్తలులు దిగిన రేవులకు పోవాలి గానీ ఆ మంచులో మనకెవరున్నారని అడిగాడు. టర్కీ, గ్రీసు, ఇటలీ అని వేళ్లు మడిచాడు. అక్టోబరైతే అక్కడ ఎండ తగ్గి, రాళ్ల దారుల్లో నడవడానికి హాయిగా ఉంటుందన్నాడు. అందులో తప్పు లేదు, నా కోపం అందుకే రెట్టింపైంది. ఆ సముద్రానికి అక్టోబరు నిజంగానే మంచి నెల. అమ్మ అడిగిన సముద్రం అది కాదు, అంతే.

నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసి రిటైరయ్యాడు. అప్పటిదాకా ఈ విషయంలో ఆయనకు అభిప్రాయమంటూ లేదు. నలుగురు మగవాళ్లు ఆయన వైపు తిరిగేసరికి ఒకటి మొలిచింది. జూన్ అంటే వానలు, సముద్రం పొంగుతుందన్నాడు. మన వానలు అక్కడ పడవని చెప్పాను. సముద్రాలన్నీ కలిసే ఉంటాయి కదా అన్నాడు. భూగోళశాస్త్రంతో వాదించవచ్చు, భర్తతో వాదించలేమన్నట్టు అమ్మ లేచి కప్పులు తీసింది.

మిగిలిన పని బావ చేశాడు. మా అక్క భర్త. నారపల్లి వైపు పొలాలకు గేటు పెట్టి, పేరు పెట్టి అమ్మే వ్యాపారం. కుటుంబమంతా కలిసి పోదామన్నాడు. జూన్‌లో పిల్లల బడి తెరుస్తారు కాబట్టి దసరా సెలవుల్లో అయితే బాగుంటుందన్నాడు. పెద్దాయన చెప్పిన రేవులూ కలిసొస్తాయి. వాట్సాప్‌లో ‘ఫ్యామిలీ క్రూజ్’ అని గ్రూపు తెరిచాడు. అందులో నాన్న ఉన్నాడు, సంఘ పెద్ద ఉన్నాడు, ఆయన తమ్ముడు కూడా ఉన్నాడు. ఆ తమ్ముణ్ని నేనింతవరకు చూడలేదు. అమ్మ లేదు. ఎందుకు లేదని అడిగితే, అత్తమ్మ ఫోన్ ఎక్కువ చూడదు కదా అన్నాడు బావ.

ఒకరోజు ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కనున్న ట్రావెల్ ఆఫీసుకు రమ్మన్నాడు. వెళ్లేసరికి అక్టోబరు ఓడ ఖాయం చేసే పనిలో ఉన్నాడు. కౌంటరు వెనకున్న అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

“అత్తమ్మకు ఓడ ఎక్కాలని ఉన్నది. ఎక్కిస్తున్నం. ఇంకేం గావాలె నీకు?” అన్నాడు బావ.

“నాకేం వద్దు బావా. ఆమెకు సూర్యుడు గావాలె.”

“అక్టోబర్ల సూర్యుడు రాడా ఏంది?”

“వస్తడు. సాయంత్రం పోతడు. పోకుంట ఉండేది సూడాలనే గదా ఆమె అంటున్నది.”

“గాయన పోతనే గదా బామ్మర్దీ, డిన్నర్ పెట్టేది.”

కొట్టాలనిపించింది. కానీ జోకు బాగుంది. బాగున్న జోకు వేసినవాణ్ని కొట్టలేకపోవడం నా బలహీనత; బావ దాని మీదే బతుకుతున్నాడు. రెండు రోజులు ఆగమని మాత్రం ఆ అమ్మాయికి చెప్పి బయటికొచ్చాను. నాచారం దాకా బండి మీద నాలో నేనే తిట్టుకుంటూ వచ్చాను. అడ్డమొచ్చిన ప్రతి ఆటోవాడూ నాకు బావలాగే కనిపించాడు.

అమ్మకు అంతా చెప్పాను. చిక్కుడుకాయలు వలుస్తోంది. “ఉండనీరా. అందరు వస్తమంటున్నరు గదా,” అంది. నిజం చెప్పాలంటే, అందరికన్నా ఎక్కువ కోపం వచ్చింది ఆమె మీదే. పేషెంటు కాలు తీసేయాలన్న డాక్టర్ని నిలదీసి ఇంకో డాక్టర్ని పిలిపించిన మనిషని దవాఖానాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మనిషి డ్యూటీ దిగి ఇంటికొచ్చేటప్పుడు ఎక్కడ మాయమవుతుందో నాకు తెలియదు. మరి ట్రోమ్సో అన్నావు, రాత్రంతా ఆగే ఓడ అన్నావు, అదంతా ఏమైందని అరిచాను. చిక్కుడుకాయ ఈనె తీసి పళ్లెం అంచున పెట్టింది. ఇంకో కాయ అందుకుంది.

ఆ శుక్రవారమే మా ఇంటి వంతు మళ్లీ వచ్చింది. కూడిక నిండుగా ఉంది. ఓడ అందరిదీ కదా. ఆఖర్న సంఘ పెద్ద లేచి ప్రయాణం కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. దేవుడికి తెలియదేమోనని రేవులన్నీ వరసగా చెప్పాడు. అక్టోబరు వాతావరణం వివరించాడు. దసరా సెలవులు ఎప్పుడిస్తారో కూడా పైకి తెలియజేశాడు. మా సహోదరి హృదయ వాంఛను తీర్చినందుకు స్తోత్రం అని ముగించాడు. గదంతా ఆమెన్ అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కూడికలో అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది అమ్మే. వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించాల్సిన గొంతు అది. కింది వాటావాళ్లు దాన్నిబట్టే మా ప్రార్థన అయిపోయిందని, గేటుకు అడ్డంగా ఉన్న మావాళ్ల బండ్లు ఇక కదులుతాయని తెలుసుకుని తమ బండ్లు తీసుకుంటారు. ఆరోజు ఆ గొంతు రాలేదు. ఇంట్లో కరెంటు పోయినట్టయింది. సంఘ పెద్ద ఒక కన్ను తెరిచాడు. వినబడలేదేమోనని, ఆమెన్ అని ఇంకోసారి ఆమె వైపు అందించాడు.

“నేననను అయ్యగారూ,” అంది అమ్మ. “అది నా మనవి గాదు.”

నాన్న గొంతు తగ్గించి, “ఏందే ఇది, అందరి ముందట,” అన్నాడు.

“అందరి ముందట్నే అడిగిన. అందరి ముందట్నే వాపస్ తీసుకుంటున్న.” కొంగు సర్దుకుంది. గొంతు పెంచలేదు. “నేను వీసా కోసం అడిగిన. నెల అడగలే, రేవు అడగలే, అవి నాకు ఎర్కనే. మీరు అక్టోబర్ల పోయి రాన్రి, మంచిగుంటది. నేను జూన్ల పోత. రాత్రి లేని జాగ ఒక్కటి సూస్త.”

ఎవరూ కదల్లేదు. చాలా గంభీరమైన ఘట్టం. సరిగ్గా అప్పుడు సంఘ పెద్ద, మాటల తర్వాత నిశ్శబ్దం వస్తే ఏం చేయాలో ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, “ఆమెన్,” అన్నాడు. ఆయన అంటే గదంతా అనాలి. అంది. కింద ఎవరో బండి స్టార్ట్ చేశారు. అమ్మ లేచి చాయ్ తెచ్చింది.

తర్వాతి రోజు ఉప్పల్ ఆఫీసుకు అమ్మ, నాన్న, నేను ముగ్గురం వెళ్లాం. బావ అలిగి రాలేదు. రాకపోయినా నాన్న ఫోన్ స్పీకర్‌లో ఉన్నాడు. పోయే నెల, ఎక్కే ఊరు, ఆగే రేవులు అమ్మే చెప్పింది. ఆ అమ్మాయి చాలాసేపు వెతికింది. జూన్ ఆఖర్న, హోనింగ్స్‌వాగ్‌లో రాత్రి ఆగే ఓడ ఒకటే ఉందట. అందులో లోపలి వైపు గది ఒకటే మిగిలిందట. కిటికీ ఉండదని, స్క్రీన్ మా వైపు తిప్పి మెల్లగా చెప్పింది.

ఫోన్‌లో బావ నవ్వాడు. నాన్నకు బలం వచ్చింది. “సూర్యుణ్ని సూడవోయి కిటికీ లేని రూమా? ఎవరన్న వింటె నవ్వుతరు.”

నాకు మళ్లీ నెత్తికెక్కింది. ఇంత చేసి ఆఖరికి ఒక డబ్బాలో పెట్టి పంపాలా అని. నోరు తెరవబోయేలోపు అమ్మ అంది.

“బయట సూస్త సూర్యుణ్ని. పండుకునేటప్పుడు నాకు చీకటి గావాలె. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు సక్కగ దొర్కలే.”

నాన్న గోడ మీది పోస్టర్ చూడటం మొదలుపెట్టాడు. పామ్ చెట్లు, నీలం నీళ్లు. ఆ పోస్టర్‌లో అంతసేపు చూడాల్సిందేమీ లేదు. గదిలో రెండో పేరు ఎవరిదని ఆ అమ్మాయి అడిగింది.

“ఈయనదే రాయమ్మా,” అంది అమ్మ. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగింది. “రూముకు కాలింగ్ బెల్ ఉంటదా?”

“ఉండదు ఆంటీ. పండుకునేటప్పుడు డిస్టర్బ్ చెయ్యొద్దని ఒక కార్డు ఇస్తరు. బయట తలుపుకు తగిలిస్తే ఎవ్వరు రారు.”

“రెండు ఇప్పియ్యి,” అంది అమ్మ. “ఒకటి ఇంటికి తెచ్చుకుంట.”