నారుమడిలో బూజు వేషం

లోవలక్ష్మి చేతులు సున్నపునీళ్ల కుండలోకి మైలుతుత్తం నీళ్లను సన్నగా వంచుతున్నాయి. ఆమె పెంచే మడుల్లో పొగాకు నారు మొదలు మెత్తబడి చాపలా వాలిపోతోంది. ఈ నారు కొనే చంద్రరావుగారు వరద తీసిన లంకలో దుక్కి మొదలుపెట్టారు. ఈ ఆరు మడులూ పోతే ఈ యేటికి ఆయన పొలం బీడే. గట్టు మీద నిలబడ్డ పురుగుమందుల కొట్టు జానకిరామ్ విసుక్కున్నాడు.

“తెల్లగా దూదిలా కనబడుతోంది కదండీ, బూజే! నేనిచ్చిన పొడి చల్లక ఈ నాటువైద్యం ఏంటండి?”

“ఆకు మీద ఎండుమచ్చ వేసేది అసలు బూజండి. దానికి మీ పొడి బ్రహ్మాండం. ఇది నీళ్లు నిలిచినచోట పుట్టి నీళ్లతోనే పాకుద్దండి. బూజు వేషం కట్టిందంతే.”

ఆమె ఇనుప కత్తిని కుండలో ముంచి తీసింది. అంచుకి రాగిరంగు అంటింది; అంటే మందులో ఇంకా నారుని మాడ్చే ఘాటుంది. కత్తి రంగంటకుండా వచ్చేదాకా సున్నం కలుపుతూనే ఉంది. అయినా జానకిరామ్ మాట తీసెయ్యలేక ఒక మడిని అతని పొడికి వదిలి, మిగతా ఐదింటికీ కాలవ తీసి, నీరు దించి, తన మందు చల్లింది. మూడోరోజుకి పొడి చల్లిన మడి నేలకంటుకుపోయింది. ఐదూ నిలబడ్డాయి.

నారు పీకే రోజున జానకిరామ్ పుస్తకంతో సహా వచ్చాడు. “ఇది అసలు బూజే కాదటండి! చెరువులో నాచుకి చుట్టమట. మీకు తెలియదు కదా, చెప్పిపోదామని వచ్చాను.”

“అవునాండీ!” అంది లోవలక్ష్మి, ఎంతో వినయంగా. వేళ్ల మట్టి దులిపి, నారుని అరటినారతో కట్టలు కట్టి, తడిగోనె కప్పి, చంద్రరావుగారి పడవలోకి అందించింది.