తట్ట ఎత్తే మనిషి

మొన్న గోదావరిఖని రైతుబజారులో బీరకాయలు ఏరుకుంటూ, ఇవి ఏ ఊరివి బిడ్డా అని అడిగితే, అమ్మే పిల్ల, "తెల్వదమ్మా, లారీల వస్తయి" అన్నది. అందులో ఆమె తప్పేమీ లేదు గానీ, ఇంటికి వచ్చేదాకా నా మనసు మాత్రం మా తోటలోనే తిరిగింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ప్రతి కూరకూ ఒక ఊరుండేది. మా ఆయన గనిలో డ్యూటీకి పోతే, గోదావరి ఒడ్డునున్న తోటను నేనూ, వదినె అని నేను పిలిచే ఆయన అక్కా చూసుకునేవాళ్లం. పిల్లలు లేని నాకూ, చిన్న వయసులోనే పెనిమిటి పోయిన ఆమెకూ ఆ తోటే సంసారం. మొదటి బస్సులో తట్టలతో గోదావరిఖనిలో దిగేసరికి రాత్రి షిఫ్టు ముగించుకున్న కార్మికులు మా కోసం చూస్తూ ఉండేవారు. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు కాలనీ నుంచి వచ్చే కోస్తా ఆడవాళ్లు గోంగూర అని అడిగితే, మేము పుంటికూర అని ఇచ్చి, అందరం నవ్వుకునేవాళ్లం.

తర్వాత కొత్త గని మా పొలాల దాకా వచ్చింది, బావుల్లో నీళ్లు దిగిపోయాయి. చుట్టుపక్కల రైతులు కొందరు సాగు మానుకున్నారు, కొందరు టోకు వ్యాపారి దగ్గర కొని తమ పంటేనని అమ్మసాగారు. మనం కూడా అట్లనే చేద్దామా అని నేనడిగితే వదినె కోప్పడలేదు. "పరాయి కూర మనదని ఎట్ల చెప్తం? ఉన్నదే తీస్కపోదాం" అన్నది. ఆ ఎండాకాలమంతా బోరింగు నుంచి బిందెలతో మోసి రెండు మడుల పుంటికూర బతికించింది. పెద్ద పెద్ద కుప్పల నడుమ మేమిద్దరం ఆ నాలుగు కట్టలే ముందు పెట్టుకొని కూర్చుంటే, టమాటాలు లేవా అని అడిగి జనం పక్కకు జరిగిపోయేవారు.

వానలు పడ్డాయి గానీ బావి మళ్లీ నిండలేదు. మా ఆయన పోయిన మరుసటేడు వదినె కూడా మంచం పట్టింది. దవాఖానలో నా చెయ్యి పట్టుకొని, "మడికి నీళ్లు పెట్టినవా?" అని అడిగింది; మడి అప్పటికే ఎండిపోయినా, "పెట్టిన, వదినె" అని చెప్పాను. ఆమె పోయాక, వానకు పండిందే కోసుకొని ఒక్కదాన్నే కొన్నాళ్లు లాక్కొచ్చాను. నిండిన తట్ట నెత్తికెత్తుకోవాలంటే ఇంకొక మనిషి పట్టాలి కదా, దారిన ఎవరైనా కనబడేదాకా దాని పక్కనే నిలబడేదాన్ని. ఒకనాడు పొద్దెక్కేదాకా ఎవరూ రాలేదు. ఆ తర్వాత నేను బజారుకు పోవడం మానుకున్నాను, తోట బీడైపోయింది.

ఇప్పుడు ఏ కాలంలోనైనా ఏ కూరైనా దొరుకుతుంది, ఈ వయసులో నాకు అది సుఖమే. కానీ మీ దిక్కు వాన పడ్డదా, చేను ఎట్లున్నదని కొనేవాళ్లు అడగరు, అడిగినా చెప్పేవాళ్లు లేరు. ఒక్కదానికి ఎంత కావాలి గనుక, పావుకిలో సంచిలో వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండానే తిరిగి వచ్చేస్తున్నాను.