మగన్‌భాయ్ కోసిన గునుగు

1995. ప్లేగు వచ్చి ఏడాదైంది. సూరత్‌లో పెద్ద అధికారులు కూడా పొద్దున్నే వీధుల్లో నిలబడి చెత్త ఎత్తించే కాలం. నేను మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. నా వార్డులో సగం మంది తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాల కార్మికులే. మస్టర్, అంటే సఫాయి పనివాళ్ల హాజరు, తీసుకోవడంతో నా రోజు మొదలయ్యేది. రోడ్డు మీద కుప్ప కనబడితే నాకు ఒళ్లు మండేది.

బతుకమ్మ పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు, మస్టర్ ముగించి లేచేసరికి గుమ్మంలో మగ్గాల వాడ నర్సవ్వ, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లంతా ఉన్నారు.

"సారూ, పువ్వంత కచరల ఏసుకపోయిన్రు!"

బతుకమ్మను పేర్చడానికి ఊరి బయట కిమ్ వైపు చేలల్లో తెంపుకొచ్చిన గునుగు, తంగేడు పూలను తడి గోనెల కింద సందు మొదట్లో పెట్టారట. చెత్త కాంట్రాక్టర్ ట్రాక్టర్ వచ్చి గోనెలతో సహా ఎత్తుకుపోయింది.

"పోయినేడు గిదే పండుగ ముంగట ప్లేగని ఊరిడిసి ఉరికినం. పానాలతోని మల్లొస్తె నిలువెత్తు బతుకమ్మ పేరుస్తనని రైల్ల మొక్కుకున్న. ఇప్పుడేం జెయ్యాలె సారూ?" అని నర్సవ్వ ఏడ్చేసింది.

చెత్తలో కలిసిన పూలు ఇక పనికిరావు. బజారులో బంతి దొరుకుతుంది గానీ, గునుగు ఎవరమ్ముతారు? "జర ఆగు అవ్వా" అన్నాను. కనీసం ట్రాక్టర్ ఎటు పోయిందో అడుగుదామని మా ముకద్దం, అంటే పనివాళ్ల మేస్త్రీ, మగన్‌భాయ్ దగ్గరికి సైకిల్ తొక్కాను.

ఆయన మనుషులు దోమలు చేరకుండా మిల్లు వెనక ఖాళీ జాగాలో పిచ్చిమొక్కలు నరుకుతున్నారు. ఆ మొక్కల్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నడుమెత్తు గునుగు!

"మగన్‌భాయ్, కాడలు పొడుగ్గా ఉంచి కోయించు. పూలు నలగకూడదు."

"సాహబ్, యే తో ఘాస్ హై!" గడ్డికి ఇంత మర్యాదేమిటని ఆయన ఆశ్చర్యం.

చెత్తబండి ఎక్కించలేదు. పనివాళ్లే మోపులు కట్టి నెత్తిన మోసుకొచ్చారు. సఫాయివాళ్లు తెచ్చిన పూలని ఎవరైనా వంక పెడతారేమోనని నాకు లోపల గుబులే. నర్సవ్వ ఎదురొచ్చి మగన్‌భాయ్ నెత్తిమీది మోపు తానే దించుకుంది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. మాట అర్థం కాకపోయినా ఆయన నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రానికి బతుకమ్మ నర్సవ్వ భుజాల దాకా లేచింది. నిలువెత్తుకు కాస్త తక్కువ. "సాలు సారూ, తల్లికి ఎరికే" అంది.

ఊరు శుభ్రం చేయడమంటే కనబడిందల్లా ఎత్తేయడం కాదని, ముందు ఆ వీధివాళ్లను అడగాలని నాకు ఆరోజు తెలిసింది. తర్వాత ప్రతి ఏడూ ఆ జాగాలో మొక్కలు కోసే పని సద్దుల పొద్దుటికే వేసేవాణ్ని. నేను గుర్తుచేసే అవసరమే లేకపోయింది. వారం ముందే పూలెప్పుడు కోయాలని మగన్‌భాయే అడిగేవాడు: "సాహబ్, ఫూల్ కబ్ కాట్‌నా హై?"