ఇటుకంత చీజ్

ఎనభైల మొదట్లో, కొత్త ఉద్యోగంలో చేరడానికి ఒహాయో మీదుగా బస్సులో వెళ్తున్నాను. పక్క సీట్లో ముసలాయన. ఉక్కు ఫ్యాక్టరీ మూసేశాక రెండేళ్లుగా పనిలేదట. నాది ఇండియా అనగానే జాలిగా చూశాడు.

"పాపం, మీ దగ్గర తిండి కోసం లైన్లో నిలబడతారటగా?"

నిజమే. చిన్నప్పుడు బడిలో, అమెరికా పంపిన పాలపొడితో కలిపిన పాల కోసం గ్లాసు పట్టుకుని నిలబడ్డవాణ్ణే.

ఆయన సంచిలోంచి ఇటుకంత చీజ్ దిమ్మ తీశాడు. పనిలేనివాళ్లకి ప్రభుత్వం ఊరికే పంచుతుంటే, పొద్దున రెండు గంటలు లైన్లో నిలబడి తెచ్చుకున్నాడట. పెద్ద ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.

"తిను బాబూ, మీ దేశంలో ఇవి దొరకవుగా."

నా ఉద్యోగం సంగతి చెప్పలేకపోయాను. అమెరికా నాకు తిండి పెట్టడం అది రెండోసారి.