చలపతిరావు రాసిన ఖండన

“నేను మీ కాలేజీకి వచ్చిన్నా, రాలేదా? గదొక్కటి చెప్పుర్రి సారూ.”

నాచారంలోని ఒక ప్రైవేటు చిత్రకళా కళాశాలలో ఆఫీసు సూపరింటెండెంట్ చలపతిరావును సారలమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద ఏమీ లేదు.

చలపతిరావుది భీమవరం దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చి ఒక దినపత్రికలో చాలాకాలం ప్రూఫులు దిద్దాడు. అది మూతపడ్డాక ఈ కాలేజీలో చేరి, చిల్కానగర్‌లో ఇల్లు తీసుకున్నాడు. వాక్యం చూస్తే అందులో అబద్ధం ఎక్కడుందో చెప్పగలనని ఆయనకు చిన్న గర్వం. సర్క్యులరైనా, సంతాప సందేశమైనా ప్రిన్సిపాల్ శ్యామలాదేవి ఆయన చేతే రాయించేది.

సారలమ్మ శనివారాలు శిల్పం క్లాసులో మోడల్‌గా కూర్చునేది. మిగతా రోజులు అగరుబత్తుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. భర్త పోయాక అన్న మొగిలయ్య ఇంట్లో ఉంటోంది. చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఆమె స్టూలు మీద కూర్చుంటే, విద్యార్థులు ఆమె ముఖం చూసి మట్టితో తల బొమ్మలు చేసేవాళ్లు. తల బొమ్మ భుజాల దగ్గర ఆగిపోతుంది. ఆ మట్టి భుజాలకు చీర చెక్కరు. శిల్పులకది మామూలు.

ఉప్పల్‌లో ఆ బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు ఒక యూట్యూబ్ ఛానల్ వాడికి అది మామూలుగా కనిపించలేదు. ‘కళ పేరుతో పేద మహిళల బట్టలిప్పిస్తున్న కాలేజీ’ అని వీడియో పెట్టాడు. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి.

పత్రికలకు పంపే ఖండనలో చలపతిరావు మొదట నిజమే రాశాడు. మోడల్ చీరతోనే కూర్చుంది, బొమ్మే భుజాల దగ్గర ఆగింది అని. శ్యామలాదేవి చదివి పక్కన పెట్టింది.

“మోడల్ ఉందని మనమే ఒప్పుకుంటే, ఎవరామె అంటారు. మైకులు పట్టుకుని ఇంటి మీదికి పోతారు. పాపం, ఆవిణ్ణి కాపాడండి చలపతిరావు గారూ!”

పేదవాళ్లను కాపాడతామని పెద్దవాళ్లు అంటున్నప్పుడు ఎవర్ని కాపాడుకుంటున్నారో చూడాలి. ఆ సంగతి చలపతిరావుకు తెలుసు. తెలిసే రాశాడు: ‘మా కళాశాల ఏనాడూ మోడళ్లను నియమించుకోలేదు. ఆ బొమ్మలు పూర్తిగా విద్యార్థుల ఊహలు.’ పత్రికలు వేశాయి. ఛానల్ వీడియో తీసేసింది. స్టాఫ్ రూముకు సమోసాలు తెప్పించారు. “మీ కలానికి తిరుగు లేదండీ” అన్నారందరూ. ఆయన రెండు తిన్నాడు.

వీడియో పోయింది గానీ, బస్తీలో ఆ బొమ్మ ముఖాన్ని అప్పటికే గుర్తుపట్టారు. సారలమ్మ మొదట ధీమాగానే ఉంది. తను చీరతో కూర్చున్నానని కాలేజీ వాళ్లే చెప్తారనుకుంది. అసలు మోడళ్లే లేరని కాలేజీ చెప్పింది. మరి ఈమె శనివారాలు ఎక్కడికి పోయినట్టు? కాలేజీ నుంచి కాగితం తెస్తేనే ఇంట్లో ఉండమన్నాడు మొగిలయ్య.

ఆ కాగితం కోసమే ఆమె ఆఫీసుకు వచ్చింది.

“రాసివ్వడం నా చేతుల్లో లేదమ్మా,” అన్నాడు చలపతిరావు చివరికి.

“లేదన్న ముచ్చట ఎవరి చేతులతోని రాసిన్రు సారూ?”

ఆదివారం ఆయన మొగిలయ్య ఇంటికి వెళ్లాడు. తెల్లకాగితం మీద నిజం రాసి, తన సంతకం పెట్టి తీసుకెళ్లాడు.

“మీ చెల్లెలు చీరతోనే కూర్చుంది మొగిలయ్యా. నేను కళ్లారా చూశాను.”

“కాలేజీ ముద్రేది సార్?”

“ముద్ర... ఉండదయ్యా.”

“పేపర్ల లేదంటిరి, ఇంటికొచ్చి ఉందంటిరి. పేపరైతే గల్లీ అంత సదివిన్రు. గిది నేనెవరికి సూపియ్యాలె?”

గడప దగ్గర నిలబడ్డ సారలమ్మ నవ్వింది. “అబద్ధానికి ముద్ర కొట్టిన్రు, నిజానికి లేకపాయె. మస్తుంది సార్ మీ సదువు.”

మర్నాడు ఆయన సవరణ వేయిద్దామని శ్యామలాదేవిని అడిగాడు. “సవరణ వేస్తే మళ్లీ వార్తకెక్కుతామండీ,” అందావిడ. పత్రికల్లోని పాత స్నేహితులకు ఆయనే పంపొచ్చు. నంబర్లున్నాయి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. పంపలేదు.

“నేను సారలమ్మను ఒక్క మాట తిట్టలేదు కదా,” అన్నాడు భార్య కామాక్షితో.

“తిట్టినా బాగుండేదండీ. మనిషి ఉందనైనా తెలిసేది.”

సారలమ్మ అన్న ఇల్లు వదిలేసింది. పీర్జాదిగూడలో ఇంకొకామెతో కలిసి గది తీసుకుని, కొత్త అపార్టుమెంట్లలో సిమెంటు మరకలు కడుగుతోంది. ఆమె చివరి నెల బిల్లును చలపతిరావు పైకి పంపాడు. లేని మోడల్‌కు డబ్బెలా ఇస్తామని అకౌంట్స్ వాళ్లు తిప్పి పంపారు.

కాలేజీ ఆమెకు ఇంకా రెండు వేల నాలుగు వందలు ఇవ్వాలి.