మెరూన్ మింగని మరక

"రంగుల తాత పొద్దుగాల పోయిండు బిడ్డా, వస్తవా?" అని మిర్యాలగూడ నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. కోదాడలో, అత్తగారింట్లో బియ్యం కడుగుతున్నాను. ఆ నీళ్లన్నీ కాళ్ల మీదే ఒంపుకున్నాను.

తాత మాకు చుట్టం కాదు. మా పుట్టింటి సందులో పాత చీరలకు రంగు వేసేవాడు. మీ ఇంట్లోనూ ఒక మెరూన్ చీరో, జాకెట్టో, దిండు గలీబో ఉండే ఉంటుంది. మాసినా కనబడదని కొంటాం కదా! రైస్ మిల్లు నూనె, పసుపు, కూర, ఏ మరక పడ్డా జనం ఆయన దగ్గరికే. "మెరూన్ ఎయ్యనా? దాని కడుపు పెద్దది, అన్నీ మింగుతది" అని నవ్వేవాడు. మోచేతుల దాకా ఆ రంగే.

రెండేళ్ల కింద నా మీగడ రంగు చీర పట్టుకుపోయాను. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, నా నుదుటి మీది గాటు చూశాడు.

"మెట్ల మీద జారిన తాతా" అన్నాను.

"మెట్లకు ఉంగరం ఉంటదా బిడ్డా?"

కొంగు నుదుటి మీదికి లాక్కున్నాను.

"పసుపైతే ముంచుత. నెత్తురు నేను ముంచ. సూర్యాపేటల పెద్ద ఠాణా ఉన్నది, గాడ సూపెట్టు. అందాక నా పెట్టెల ఉంటది" అని చీర మడతపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీకెందుకు ముసలోడా అనేశాను.

కోదాడకు తిరిగిపోయాను. తర్వాత మూడు చీరలకు నేనే రంగు పొట్లాలు కొని, మా ఆయన ఇంట్లో లేనప్పుడు బకెట్లో ముంచుకున్నాను. చక్కగా కుదిరాయి. పెళ్లిళ్లలో మెచ్చుకుంటే నవ్వాను కూడా, సిగ్గు లేదు నాకు.

అమ్మ ఫోన్ రాగానే మిర్యాలగూడ వెళ్లాను. తాతకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు కొడుకు ఎంత తోమినా గోళ్ల కింది మెరూన్ పోలేదు. "ఉండనీ బిడ్డా" అంది తాత భార్య. అంతా అయ్యాక నన్ను లోపలికి పిలిచి, పెట్టెలోంచి కాగితం పొట్లం తీసింది.

"నువ్వు అడిగితెనే ఇయ్యమన్నడు. ఇగ నేనెన్ని దినాలు ఉంటనో, తీస్కపో."

బస్టాండులో కోదాడ బస్సు నిలబడి ఉంది. మా ఆయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను సూర్యాపేట బస్సెక్కాను. ఒంటి మీద నేను ముంచుకున్న మెరూన్ చీర. ఒళ్లో మీగడ రంగు చీర, మరక పైకి కనబడేట్టు.

పక్క సీటామె చూసి, "అయ్యో, గింత మంచి చీర! మరక పోలేదా అమ్మా?" అంది.

"మా తాత పోనియ్యలేదు" అన్నాను.